ఎక్స్ యాక్సిస్ గుర్రుమని ఆగిపోతోంది, మోటర్ మార్చాలా?

ప్రశ్న క్లుప్తంగా: రాజమండ్రి దగ్గర చిన్న వడ్రంగి షెడ్. 6040 సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్‌తో నడిచే చెక్కుడు యంత్రం) మీద పూజగది తలుపులు, నేమ్ బోర్డులు చెక్కుతున్నారు. 5 మి.మీ. లీడ్ బాల్ స్క్రూ (ఒక చుట్టుకి 5 మి.మీ. జరిపే మరచుట్ల కడ్డీ), 36 వోల్టుల సప్లై, డీఎం542 రకం డ్రైవర్లు (మోటర్లకి కరెంట్ పంపేవి), మెషీన్‌ని నడిపే మాక్3 సాఫ్ట్‌వేర్. పది రోజులుగా ఎక్స్ యాక్సిస్ (అడ్డంగా కదిలే దిశ) పని మధ్యలో గుర్రుమని ఆగిపోతోంది. కొన్నిసార్లు ఆగదు కానీ డిజైన్ రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకి జరిగిపోతోంది. మోటర్ పోయిందని మెకానిక్ చెప్పారు. ఎలాగూ మారుస్తున్నప్పుడు 3 న్యూటన్ మీటర్ల పెద్ద మోటర్ వేస్తే మంచిదా? సొంతంగా మార్చుకోవడం ఎలా?

సమాధానం:

ముందు ఒక మాట. ఇప్పుడే మోటర్ కొనకండి. ఈ పనిలో నాకు చాలా ఏళ్ల అనుభవం ఉంది. "మోటర్ పోయింది" అని నా దగ్గరికి తెచ్చినవాటిలో నిజంగా మోటర్ పోయినవి తక్కువ. స్టెప్పర్ మోటర్‌లో అరిగిపోవడానికి రెండు బేరింగులు తప్ప ఏమీ లేవు. బ్రష్‌లు లేవు, కమ్యుటేటర్ లేదు. నీళ్లు పోతేనో, కరెంట్ బాగా ఎక్కువ పెట్టి నెలల తరబడి కాల్చితేనో తప్ప కాయిల్ అంత తేలిగ్గా పోదు. పోయేది ఎక్కువగా దాని చుట్టూ ఉన్నవి: వైరు, కనెక్టర్, కప్లింగ్ (మోటర్ షాఫ్ట్‌ని బాల్ స్క్రూతో కలిపే ముక్క), డ్రైవర్.

మీరు చెప్పిన లక్షణం చూద్దాం. స్టెప్పర్‌లో రెండు కాయిల్స్ ఉంటాయి, వాటిని ఎ, బి అనుకుందాం. రెండింటిలో కరెంట్ వంతులవారీగా మారితేనే షాఫ్ట్ ఒక దిక్కుకి తిరుగుతుంది. ఒక కాయిల్‌కి కరెంట్ అందకపోతే మిగిలిన కాయిల్ రోటర్‌ని ముందుకీ వెనక్కీ ఊపుతుంది గానీ తిప్పలేదు. మీకు వినిపించే గుర్రు అదే కావచ్చు. ఆ కాయిల్ పూర్తిగా పోయి ఉంటే మోటర్ అసలు తిరగకూడదు. మీకు మాత్రం కాసేపు బాగా తిరుగుతోంది, కాసేపు గుర్రుమంటోంది. అంటే ఎక్కడో కరెంట్ తెగుతూ కలుస్తూ ఉంది. నా అనుమానం మొదట కేబుల్ మీద.

మీరు పెట్టిన ఫొటోలో ఎక్స్ మోటర్ గాంట్రీ (బల్ల మీద ముందుకీ వెనక్కీ జరిగే వంతెన లాంటి చట్రం) మీద ఉంది. గాంట్రీ వై వైపు కదిలినప్పుడల్లా ఎక్స్ మోటర్ కేబుల్ చెయిన్‌లో మడత పడుతూ విప్పుకుంటూ ఉంటుంది. రోజుకి వందలసార్లు. ఈ తరహా మెషీన్లలో చాలావాటికి మామూలు పీవీసీ కేబుల్ వేసేస్తారు. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి తీగలు ఒక్కొక్కటే తెగిపోతాయి. అందుకే ఒకటి గమనించండి: ఎక్స్ ఆగిపోయిన ప్రతిసారీ గాంట్రీ వైలో ఎక్కడ ఉంది? ఎప్పుడూ ఇంచుమించు ఒకే చోట ఆగుతుంటే కేబుల్ అని దాదాపు తేలిపోయినట్టే. మోటర్ చెడితే అది చోటు చూసుకుని ఆగదు.

ఇక మల్టీమీటర్‌తో చూడటం. మెషీన్ ఆఫ్ చేసి, ప్లగ్ గోడ నుంచి పీకేసి, పది నిమిషాలు ఆగండి. స్పిండిల్ (కట్టర్‌ని తిప్పే మోటర్) వేగం మార్చే వీఎఫ్‌డీ కెపాసిటర్లలో ప్లగ్ తీశాక కూడా ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది, ఈ పది నిమిషాల దగ్గర తొందరపడకండి. తర్వాత కంట్రోల్ బాక్స్ వెనక ఎక్స్ మోటర్ గుండ్రటి కనెక్టర్ విప్పి, కేబుల్ చివరనున్న నాలుగు పిన్నుల మీద మీటర్ పెట్టండి. ఒకదానితో ఒకటి కలిసే జతలు రెండు దొరకాలి. మీ సైజు మోటర్లకి ఒక్కో కాయిల్ సుమారు 1 ఓమ్ చూపిస్తుంది. అంత చిన్న విలువ కొలిచేటప్పుడు మీటర్ వైర్ల నిరోధమే 0.2, 0.3 ఓమ్ ఉంటుంది కాబట్టి ముందు రెండు ప్రోబులు కలిపి చూసి, ఆ అంకె తీసేయండి. అసలు విలువ కన్నా ముఖ్యం, రెండు జతలూ సమానంగా ఉండటం. ఒకటి 1.0, ఇంకొకటి 1.8 వస్తే ఎక్కడో జాయింట్ చెడింది.

మీటర్ పెట్టి ఉంచి, ఇంకొకరిని గాంట్రీ మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకి జరపమనండి. వై స్క్రూని కప్లింగ్ దగ్గర చేత్తో తిప్పితే జరుగుతుంది, కానీ నిదానంగా. స్టెప్పర్‌ని వేగంగా తిప్పితే అది జనరేటర్ లాగా పనిచేసి డ్రైవర్‌లోకి వోల్టేజీ పంపుతుంది, కాబట్టి వై కనెక్టర్ కూడా విప్పేసి ఉంచడం మంచిది. జరుపుతుండగా అంకె ఎగిరిందంటే, ఓఎల్ అని చూపించిందంటే, వైరు తెగింది. అప్పుడు మోటర్ దగ్గరే నేరుగా కొలవండి. అక్కడ రెండు జతలూ సమానంగా వస్తే మోటర్ క్షేమం. ఇంకొక్క కొలత కూడా చూడండి: ప్రతి పిన్నుకీ మోటర్ ఒంటికీ మధ్య ఏమీ కలవకూడదు. కలిస్తే ఇన్సులేషన్ పోయింది, ఆ మోటర్ తీసేయాల్సిందే.

కేబుల్ బాగానే ఉంటే తర్వాతి పరీక్ష కనెక్టర్లు మార్చి చూడటం. అన్నీ ఆఫ్‌లో ఉండగానే ఎక్స్ మోటర్ ప్లగ్‌ని వై సాకెట్‌లో, వై ప్లగ్‌ని ఎక్స్ సాకెట్‌లో పెట్టి ఆన్ చేయండి. గుర్రు మోటర్‌తో పాటు వెళ్లిందా, ఎక్స్ సాకెట్ దగ్గరే ఉండిపోయిందా చూడండి. వెళ్తే మోటరో దాని కేబులో. ఉండిపోతే బాక్స్‌లోని ఎక్స్ డ్రైవరో దాని వైరింగో. యాక్సిస్‌లు రెండూ మధ్యలో ఉన్నప్పుడే ఇది చేసి, కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే జాగ్ చేయండి (బటన్‌తో జరపండి). లిమిట్ స్విచ్‌లు ఇప్పుడు తారుమారు అయి ఉంటాయి, చివరిదాకా పోతే కాపాడేది ఏదీ ఉండదు.

ఇక్కడే అందరికీ పెద్ద నష్టం తెచ్చే తప్పు ఒకటి ఉంది. పవర్ ఆన్‌లో ఉండగా స్టెప్పర్ కనెక్టర్ ఎప్పుడూ పీకకూడదు, పెట్టకూడదు. కాయిల్‌లో ప్రవహిస్తున్న కరెంట్ ఒక్కసారిగా తెగితే వోల్టేజీ ఎగిరి డ్రైవర్‌లోని ట్రాన్సిస్టర్లు పోతాయి. మెషీన్ కదలకుండా నిలబడి ఉన్నా కాయిల్‌లో కరెంట్ ఉంటుంది, కాబట్టి "ఆగి ఉంది కదా" అని పీకినా అంతే. నేను మొదట్లో హైదరాబాద్ బాలానగర్‌లో ఒక షెడ్‌లో పనిచేసేటప్పుడు ఇలాగే ఒక డ్రైవర్ కాల్చాను. ఆ రోజు పోయిన డబ్బు కన్నా, కస్టమర్ తలుపుల ఆర్డర్ నాలుగు రోజులు ఆలస్యమైందన్న బాధ ఎక్కువ. తెగుతూ కలుస్తూ ఉన్న కేబుల్ చేసేది కూడా ఇదే, ప్రతి తెగుడుకీ డ్రైవర్ మీద దెబ్బ. అందుకని ఈ సమస్యతో ఇంకా పని లాగుతూ ఉండకండి.

డిజైన్ పక్కకి జరగడానికి ఇంకో కారణం కప్లింగ్. ఒకసారి ప్లైవుడ్ కటింగ్ చేసే ఒకాయన మెషీన్‌కి ఒకదాని తర్వాత ఒకటి రెండు మోటర్లు మార్చినా జరగడం ఆగలేదు. చివరికి చూస్తే కప్లింగ్‌ని షాఫ్ట్‌కి బిగించే చిన్న గ్రబ్ స్క్రూ వదులైంది. మోటర్ సరిగ్గానే తిరుగుతోంది, బాల్ స్క్రూ దాని వెంట తిరగడం లేదు. మీరు పర్మనెంట్ మార్కర్‌తో మోటర్ షాఫ్ట్, కప్లింగ్, బాల్ స్క్రూ మూడింటి మీదుగా ఒకే తిన్నని గీత గీయండి. ఒక పూట పని చేశాక గీత విరిగి కనిపిస్తే దొంగ దొరికినట్టే. దీనికి రూపాయి ఖర్చు లేదు.

ఇవన్నీ చూశాక నిజంగా మోటర్ మార్చాల్సి వస్తే, ఏది కొనాలన్న మాటకి వద్దాం.

ఈ తరహా మెషీన్లకి వేసే మోటర్ సైజుని నీమా 23 అంటారు. అది ముందు పలక కొలత మాత్రమే. పేరుకి 2.3 అంగుళాలు, కొలిస్తే సుమారు 57 మి.మీ. మోటర్ బలం గురించి ఆ అంకె ఏమీ చెప్పదు. బోల్టు రంధ్రాల మధ్య దూరం 47.14 మి.మీ., ముందు పొంగి ఉండే గుండ్రటి భాగం 38.1 మి.మీ. ఇవి ఏ కంపెనీదైనా ఒకటే కాబట్టి బిగింపు దగ్గర ఇబ్బంది రాదు. ఇబ్బంది అంతా షాఫ్ట్ దగ్గర వస్తుంది. నీమా 23లో 6.35 మి.మీ. షాఫ్ట్‌లు ఉన్నాయి, 8 మి.మీ. షాఫ్ట్‌లు ఉన్నాయి. షాపులో 6.35ని "ఆరు" అనేస్తుంటారు. 6 మి.మీ. కప్లింగ్ దానికి ఎక్కదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, పాత షాఫ్ట్‌ని వెర్నియర్‌తో కొలిచి చూశాకే ఆర్డర్ పెట్టండి. తేడా వస్తే కొత్త కప్లింగ్ కొనండి. పాత కప్లింగ్‌ని హ్యాండ్ డ్రిల్‌తో పెద్దది చేయవద్దు, రంధ్రం ఒక వెంట్రుక వాసి పక్కకి పోయినా స్క్రూ వణుకుతూ తిరుగుతుంది.

ఇప్పుడు 3 న్యూటన్ మీటర్ల కోరిక గురించి. ఒక లెక్క చెప్తాను. 56 మి.మీ. పొడవున్న మామూలు నీమా 23 మోటర్ 1.26 న్యూటన్ మీటర్లు, 2.8 ఆంప్స్ రకం. 5 మి.మీ. లీడ్ బాల్ స్క్రూ మీద అది ఇచ్చే తోపు, స్క్రూ సామర్థ్యం 90 శాతం అనుకుంటే, సుమారు 1,400 న్యూటన్లు. అంటే దాదాపు 145 కిలోల బరువుతో సమానమైన తోపు. వేగం పెరిగేకొద్దీ అది పడిపోతుంది, సగానికి పడినా 70 కిలోలు. టేకులో 6 మి.మీ. కట్టర్ నడవడానికి అందులో చిన్న భాగం చాలు. మీ మెషీన్‌కి బలం తక్కువై ఆగడం లేదు.

పెద్ద మోటర్ వేస్తే వేగం పెరుగుతుందన్నది కూడా నిజం కాదు. పెద్ద మోటర్ రోటర్ బరువైనది, దాన్ని కదిలించి ఆపడానికే కొంత బలం పోతుంది. పైగా దాని కాయిల్ ఇండక్టెన్స్ (కరెంట్ మారడాన్ని అడ్డుకునే గుణం) సాధారణంగా ఎక్కువ. వేగంగా తిరిగేటప్పుడు కాయిల్‌లో కరెంట్ ఎక్కేలోపే తదుపరి స్టెప్ వచ్చేస్తుంది. ఈ పనిలో వాడే ఒక సూత్రం ఉంది: ఇండక్టెన్స్ మిల్లీహెన్రీలలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 32తో గుణిస్తే ఆ మోటర్‌ని పూర్తిగా వాడుకోవడానికి కావలసిన సప్లై వోల్టేజీ వస్తుంది. 2.5 మిల్లీహెన్రీలకి సుమారు 50 వోల్టులు. మీ 36 వోల్టులతో అది చక్కగా నడుస్తుంది. 10 మిల్లీహెన్రీల మోటర్ తెస్తే 100 వోల్టులు అడుగుతుంది, 36తో అది నెమ్మదిగానే తిరుగుతుంది, వేగం పెంచగానే ఆగిపోతుంది. నా సలహా, పాత మోటర్ లేబుల్ మీదున్న ఆంప్స్, స్టెప్ కోణం చూసి అలాంటిదే కొనండి. ఎంచుకునే అవకాశం ఉంటే తక్కువ ఇండక్టెన్స్ ఉన్నది తీసుకోండి. నాలుగు వైర్లది, 1.8 డిగ్రీలది. ఆరు వైర్లది దొరికితే మధ్య వైర్లు రెండూ కలపకుండా విడివిడిగా టేపు చుట్టి వదిలేసి, చివరి నాలుగూ వాడొచ్చు, కానీ దాని వల్ల మీకు లాభం లేదు.

ఇక విప్పడం. వైరింగ్ ఫొటోలు తీసుకోండి. కప్లింగ్‌లో మోటర్ వైపు స్క్రూ మాత్రమే వదులు చేయండి, బాల్ స్క్రూ వైపుది ముట్టుకోకండి. స్క్రూ చివరి బేరింగ్ బ్లాక్‌ని కూడా కదిలించకండి, తోపంతా మోసేది అదే. నాలుగు బోల్టులు తీసి మోటర్‌ని తిన్నగా వెనక్కి లాగండి. కప్లింగ్ పట్టేస్తే కొంచెం తుప్పు వదిలే ఆయిల్ వేసి కాసేపు ఆగండి. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తడం, సుత్తితో కొట్టడం వద్దు. రోటర్‌కీ స్టేటర్‌కీ మధ్య ఖాళీ మిల్లీమీటర్‌లో పదో వంతు కూడా ఉండదు, షాఫ్ట్ మీద ఒక్క దెబ్బ పడితే బేరింగ్ చెడి ఆ రెండూ రాసుకుంటాయి. ఇదే పని జెడ్ యాక్సిస్ మీద చేస్తే స్పిండిల్ కింద చెక్క దిమ్మ పెట్టాకే మోటర్ విప్పాలి, లేకపోతే స్పిండిల్ బరువుకి దిగిపోతుంది.

తీసిన మోటర్‌ని "లోపల ఏమైందో చూద్దాం" అని విప్పకండి. రోటర్‌లోని అయస్కాంతం స్టేటర్ లోపల ఉన్నంతవరకే పూర్తి బలంతో ఉంటుంది. బయటికి తీస్తే కొంత బలం పోతుంది, తిరిగి బిగించినా ఆ టార్క్ రాదు. బాగున్న మోటర్ అలా పాడైతే చూడలేం.

కొత్త మోటర్ బిగించేముందు టేబుల్ మీదే దాని జతలు కనుక్కోండి. వైర్ల రంగులు నమ్మవద్దు. నలుపు, ఆకుపచ్చ ఒక జత, ఎరుపు, నీలం ఒక జత అన్నది చాలా చోట్ల నిజమే, కానీ కొత్త లాట్‌లో వేరేగా వచ్చినవి నేను చూశాను. మీటర్ లేకపోయినా పరవాలేదు: రెండు వైర్లు కలిపి పట్టుకుని షాఫ్ట్ తిప్పండి. గట్టిగా, పళ్లు పళ్లుగా తగిలితే అవి ఒక జత. తేలిగ్గా తిరిగితే కాదు. పాత కనెక్టర్ విప్పి ఏ రెండు పిన్నులు ఒక జతో రాసుకుని, కొత్త జతలు అలాగే కలపండి. జతలు కలగలిసిపోతే, అంటే ఎ నుంచి ఒకటి, బి నుంచి ఒకటి పడితే, మోటర్ మళ్లీ అదే గుర్రు పెడుతుంది. కొత్త మోటర్ కూడా పోయిందని అప్పుడు చాలామంది కంగారుపడతారు. జతలు సరిగ్గా ఉండి దిక్కు మాత్రం తిరగబడితే, ఏదో ఒక జతలోని రెండు వైర్లు అటూ ఇటూ మార్చండి చాలు, లేదా మాక్3లో మోటర్ అవుట్‌పుట్స్ పేజీలో ఆ యాక్సిస్ "డైర్ లో యాక్టివ్" (Dir LowActive) టిక్ మార్చండి.

సోల్డర్ చేసిన ప్రతి పిన్ను మీద ష్రింక్ ట్యూబ్ వేయండి. కనెక్టర్ వెనక కేబుల్‌ని పట్టి ఉంచే క్లాంప్ తప్పకుండా బిగించండి. చాలా కేబుళ్లు సరిగ్గా అక్కడే, సోల్డర్ ఆగిన చోటే తెగుతాయి. కేబుల్ కొత్తది వేస్తుంటే చెయిన్‌లో వాడే ఫ్లెక్సిబుల్ రకం, నాలుగు కోర్లది, షీల్డ్ ఉన్నది అడగండి. షీల్డ్‌ని కంట్రోల్ బాక్స్ వైపు మాత్రమే ఎర్త్ చేయండి, మోటర్ వైపు వదిలేయండి. మోటర్ బాగున్నా సరే, ఈ కేబుల్ మార్చడం మీకు తప్పకపోవచ్చని నాకనిపిస్తోంది.

బిగించేటప్పుడు నాలుగు బోల్టులు చేతి బిగువులో ఉంచి, షాఫ్ట్‌నీ స్క్రూనీ కప్లింగ్‌లోకి పంపండి. రెండు షాఫ్ట్‌లు లోపల ఒకదానికొకటి ఆనకుండా 1 మి.మీ. ఖాళీ వదలండి. షాఫ్ట్ మీద చదును ఉంటే గ్రబ్ స్క్రూ దాని మీదే కూర్చోవాలి. స్క్రూని చేత్తో నాలుగైదు చుట్లు తిప్పితే మోటర్ తన చోటు తాను సర్దుకుంటుంది, ఆ తర్వాత ఎదురెదురు బోల్టులు వంతులవారీగా బిగించండి. గ్రబ్ స్క్రూకి నీలం రంగు థ్రెడ్ లాకర్ ఒక చుక్క. ఎరుపుది వద్దు, మళ్లీ విప్పాలంటే వేడి చేయాల్సి వస్తుంది.

డ్రైవర్ మీద కరెంట్ స్విచ్‌లు చూసుకోండి. డీఎం542లో మొదటి మూడు స్విచ్‌లు కరెంట్‌కి, నాలుగోది ఆగినప్పుడు సగం కరెంట్‌కి, అయిదు నుంచి ఎనిమిది మైక్రోస్టెప్‌కి (ఒక్కో స్టెప్పుని చిన్న ముక్కలు చేసే సెట్టింగ్). పక్కనున్న పట్టికలో పీక్, ఆర్ఎంఎస్ అని రెండు వరుసలు ఉంటాయి. 2.8 ఆంప్స్ మోటర్‌కి 2.84 పీక్ దగ్గర మొదలుపెట్టండి. సరిపోకపోతే 3.31కి పెంచొచ్చు, మోటర్ తట్టుకుంటుంది. స్విచ్‌లు పవర్ ఆఫ్‌లోనే మార్చాలి. మోటర్ 60, 70 డిగ్రీల వేడెక్కడం మామూలే, మూడు సెకన్లు చెయ్యి ఆనించలేకపోయినంత మాత్రాన టెన్షన్ పడకండి. వార్నిష్ మాడిన వాసన వస్తే మాత్రం వెంటనే ఆపండి. మీ వైపు ఎండాకాలంలో రేకుల షెడ్‌లో బాక్స్ ఫ్యాన్ ఫిల్టర్‌కి రంపపు పొట్టు పట్టేసి డ్రైవర్లు వేడికి ఆగిపోవడం కూడా జరుగుతుంది, వారానికోసారి అది దులపండి.

మాక్3లోని స్టెప్స్ పర్ విలువ (ఒక మి.మీ. కదలడానికి ఎన్ని స్టెప్పులో) మార్చక్కర్లేదు. మోటర్ 1.8 డిగ్రీలదే అయితే చుట్టుకి 200 స్టెప్పులు, డ్రైవర్ 1600 మీద ఉంటే 1600ని 5తో భాగించి 320. 0.9 డిగ్రీల మోటర్ తెచ్చుంటేనే రెట్టింపు అవుతుంది. టేపుతో కొలిచి 100 మి.మీ.కి 99.7 వచ్చిందని ఈ అంకెని సవరించేవాళ్లు ఉన్నారు, అలా చేయకండి. బాల్ స్క్రూ లీడ్ అంత తప్పు ఉండదు. తప్పు టేపులోనో, నట్ ఆటలోనో, కప్లింగ్‌లోనో ఉంటుంది.

మొదటి పరీక్ష కప్లింగ్ మోటర్ వైపు వదులుగా ఉండగానే చేయండి. షాఫ్ట్‌కి టేపు ముక్క జెండాలా అతికించి 5 మి.మీ. జాగ్ ఇస్తే జెండా సరిగ్గా ఒక చుట్టు తిరిగి మొదలైన చోటే ఆగాలి. ఆగితే వైరింగ్, మైక్రోస్టెప్ రెండూ సరిగ్గా ఉన్నట్టే. తర్వాత పవర్ ఆఫ్ చేసి గ్రబ్ స్క్రూ బిగించి, ఎక్స్ మీద జరిగే స్పిండిల్ బ్రాకెట్‌కి డయల్ గేజ్ ఆనించి సున్నా పెట్టండి. ఎక్స్‌ని 200 మి.మీ. అటూ ఇటూ పూర్తి వేగంతో యాభైసార్లు తిప్పే చిన్న ప్రోగ్రామ్ నడిపి, మొదటి చోటుకి తేండి. డయల్ 0.02 మి.మీ. లోపు సున్నాకి వస్తే స్టెప్పులు పోవడం లేదు. ఈ పరీక్ష జరుగుతుండగా గాంట్రీని వైలో కూడా కదిలించే లైన్లు కలపండి, చెయిన్‌లో కేబుల్ మడతపడాలి కదా. వేగం పెంచుతూ వెళ్లి ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకుని, మోటర్ ట్యూనింగ్‌లో అందులో మూడింట రెండు వంతులు పెట్టి, సేవ్ యాక్సిస్ సెట్టింగ్స్ నొక్కండి. ఆ బటన్ నొక్కకుండా బయటికి వస్తే మార్చింది ఉండదు.

ఈరోజు సాయంత్రం పని ఆపాక కేబుల్ చివర రెండు జతలూ ఎన్ని ఓమ్‌లు చూపించాయో, గాంట్రీ జరిపినప్పుడు అంకె ఎగిరిందో లేదో కొలిచి రాయండి. పాత మోటర్ లేబుల్ ఫొటో, డ్రైవర్ స్విచ్‌ల ఫొటో కూడా పెట్టండి. మోటర్ కొనాలా, కేబుల్‌తో సరిపోతుందా అన్నది అవి చూశాక చెప్తాను.